ఇనుప గేటు కరగలేదు, మెకానిజం కరిగింది

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే కంప్యూటర్ గేమ్‌లో ఇనుప ఫ్లడ్‌గేట్ (ద్రవాన్ని ఆపే గేటు) పెట్టినా మాగ్మా (కరిగిన రాయి) వర్క్‌షాపుల్లోకి వచ్చేసిందని ఒక ఆటగాడు అడిగారు. తప్పు గేటుది కాదు, దాన్ని తెరిచి మూసేందుకు తగిలించిన మెకానిజం అనే యంత్ర భాగానిదే అయ్యుంటుంది.

గేటును దూరం నుంచి నడిపే మీటను (లివర్) దానికి లింక్ చేసేటప్పుడు రెండు మెకానిజాలు పడతాయి: ఒకటి లివర్‌లో, ఇంకోటి గేటులో. చాలామంది చేతికందిన రాతి మెకానిజం ఇచ్చేస్తారు. అది మాగ్మాను తట్టుకోని రాయైతే కరుగుతుంది, దాంతో గేటు ఊడిపోతుంది. నాకూ ఇలాగే ఒక కోట మొత్తం పోయింది.

1. కమ్మరి కొలిమిలో ఒక ఇనుప మెకానిజం చేయించండి. ఈ ఒక్కదానికీ బొగ్గు ఖర్చు తప్పదు. బాక్సైట్ రాయి దొరికితే దాంతో చేసిందైనా సరే.
2. లింక్ చేసేటప్పుడు దాన్ని గేటు వైపుకే ఎంచుకోండి. లివర్ మాగ్మాకు దూరంగా ఉంటే అక్కడ ఏ రాయైనా పర్లేదు. రాగి మాత్రం గేటు దగ్గర వద్దు, కరుగుతుంది.
3. మాగ్మా ఫోర్జ్ (బొగ్గు లేకుండా మాగ్మా వేడితో నడిచే కొలిమి) కింద కాలువలో మాగ్మా లోతు 7కి కనీసం 4 ఉండాలి. నేలకు కొట్టే కన్నం ఫోర్జ్ నడిమి గడి కింద కాకుండా అంచు గడి కింద పడాలి. అందులోనూ మరుగుజ్జులు (ఆటలోని పాత్రలు) నడవలేని గడి కిందైతే ఎవరూ జారిపడరు.