తేదీ చూసి వెళ్తే పూలు దొరకవు

ప్రశ్న: పోయిన ఏడాది సరిగ్గా ఇదే వారంలో మా సిటీ బొటానికల్ గార్డెన్‌కి వెళ్తే మాగ్నోలియా చెట్టు నిండా పూలే. ఈసారి ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని వెళ్తే ఒక్క పువ్వూ లేదు, బొచ్చు మొగ్గలు తప్ప. పిల్లలు నన్ను తెగ ఆటపట్టించారు. చెట్టుకేమైనా తెగులా సార్?

జవాబు: తెగులేం లేదండీ. మీరు క్యాలెండర్ చూసుకుని వెళ్లారు, చెట్టు చూసేది వేరే లెక్క. ఆ మొగ్గలు మొన్నమొన్న పుట్టినవి కావు, పోయిన వేసవిలోనే తయారై ఆ బొచ్చు పైపొర కప్పుకుని చలికాలమంతా పడుకున్నవి. ముందు వాటికి కొన్ని వారాల చలి తగలాలి, ఆ కోటా పూర్తయ్యాకే వెచ్చదనం లెక్క మొదలవుతుంది, అందుకే చలికాలం మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసినంత మాత్రాన తొందరపడి విచ్చుకోవు. విచ్చుకుంటే మళ్లీ మంచు పడి రెక్కలన్నీ గోధుమరంగుకి తిరుగుతాయి. ఒక్కోసారి ఎంత జాగ్రత్త పడ్డా అలా జరుగుతూనే ఉంటుంది, తెల్ల మాగ్నోలియా ఒక్క రాత్రిలో నానిన కాగితంలా వేలాడుతుంటే చూడలేం.

కాబట్టి ఈ ఏడాది వెచ్చబడటం ఆలస్యమైతే పూలూ ఆలస్యమే. ముందే వెచ్చబడితే ముందే పూస్తాయి. జపాన్‌లోని క్యోటోలో చెర్రీలు ఏ రోజు పూశాయో 9వ శతాబ్దం నుంచీ వివరాలున్నాయి. అక్కడ 2021లో మార్చి 26కే నిండుగా పూశాయి, అప్పటికి ఉన్న రికార్డుల్లో అంత తొందరగా పూయడం అదే మొదటిసారి.

ఇంకో సంగతి, సిటీ మధ్యలో ఉన్న తోట ఊరి బయట తోట కన్నా ముందు పూస్తుంది. తారు రోడ్లూ గోడలూ పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతుంటాయి కదా. ఒకే తోటలో కూడా ఎండ తగిలే గోడ పక్కన చెట్టు, నీడలో ఉన్న దాని కన్నా ముందుంటుంది. ఈసారి వెళ్లేముందు ఒకసారి ఒంటరిగా వెళ్లి మొగ్గలు దగ్గరగా చూడండి. బొచ్చు పొర చీలి సందులోంచి రంగు కనిపిస్తోందంటే ఇక ఎన్నో రోజులు పట్టదు. ఇంట్లోవాళ్లని అప్పుడు తీసుకెళ్లండి.

ప్రశ్న: పొద్దున ఏడింటికే వెళ్లాం. గడ్డిలో క్రోకస్ అని బోర్డు పెట్టిన చోట అన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. వాడిపోయాయా? కుంకుమపువ్వు వచ్చేది దీన్నుంచేనా?

జవాబు: వాడిపోలేదు, మీరే మరీ ముందు వెళ్లారు. క్రోకస్ రెక్క లోపలి వైపు వెచ్చగా ఉన్నప్పుడు ఎక్కువ పెరుగుతుంది, బయటి వైపు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ పెరుగుతుంది. లోపలి వైపు సాగితే పువ్వు విచ్చుకుంటుంది, బయటి వైపు సాగితే ముడుచుకుంటుంది. ఒక్క డిగ్రీ తేడాని కూడా పసిగడుతుంది. ఎండ పడుతున్న క్రోకస్ పక్కన పది నిమిషాలు కూర్చోండి, మేఘం అడ్డొచ్చాక ఏమవుతుందో చూడండి, ఫోన్ తియ్యకుండా చూస్తే ఇంకా బావుంటుంది. చలిలో ఎలాగూ తేనెటీగలు రావు, మరి తెరిచి పెట్టుకుని పుప్పొడి తడుపుకోవడం ఎందుకు! కుంకుమపువ్వు దీని చుట్టం నుంచి వస్తుంది, అది వసంతంలో కాదు, చలికాలానికి ముందు పూస్తుంది.

ప్రశ్న: స్నోడ్రాప్స్ అనే ఆ చిన్న తెల్లపూల మొక్కలు మంచులో చచ్చిపోవా?

జవాబు: గట్టిగా గడ్డకట్టే రాత్రి నేలకి వాలిపోతాయి, పొద్దున్న మంచు కరిగాక లేచి నిలబడతాయి. కణాల్లో నీరు గడ్డకట్టి పాడు చెయ్యకుండా అడ్డుపడే పదార్థాలు వాటిలో ఉన్నాయి. దుంప మాత్రం విషం, పిల్లలుంటే జాగ్రత్త. దీని జాతి మొక్కల్లో దొరికే గాలంటమైన్ అనే పదార్థాన్ని అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుకి మందుగా వాడుతున్నారు.

ప్రశ్న: ఆకు ఒక్కటీ లేదు, చెట్టంతా పూలు. మోదుగ, బూరుగ ఇలా ఎందుకు పూస్తాయి? తిండి తయారుచేసేది ఆకులే కదా?

జవాబు: మంచి ప్రశ్న. తిండి ముందే చేసి కాండంలో, వేళ్లలో దాచుకున్నాయి, ఇప్పుడు అది ఖర్చుపెడుతున్నాయి. ఎండాకాలం ముందు ఆకులు దులిపేసుకుంటే నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది. పైగా ఖాళీ కొమ్మల మీద ఎర్రటి పువ్వు పక్షులకి దూరం నుంచే కనబడుతుంది. బూరుగ పువ్వులో తేనె కోసం పక్షులు కొట్టుకుంటుంటాయి, చెట్టు కింద నిలబడితే రాలిన పూలు టప్‌మని నెత్తిన పడతాయి, అంత బరువు. చలి దేశాల్లో హేజెల్ లాంటివి కూడా ఆకులు రాకముందే పూస్తాయి, కానీ కారణం వేరు. వాటి పుప్పొడిని గాలే మోసుకెళ్లాలి, ఆకులుంటే దారికి అడ్డం.

ప్రశ్న: అందరూ చెర్రీ చెట్ల కిందే గుమిగూడతారు. టెన్షన్ లేకుండా, తోసుకోకుండా చూడదగ్గది ఏదైనా చెప్పండి మేడమ్/సార్.

జవాబు: సారేనండీ. హెల్లెబోర్ పేరున్న బోర్డు వెతకండి, ఎక్కువగా చెట్ల నీడన ఉంటుంది. పువ్వు తల దించుకుని ఉంటుంది కాబట్టి జనం దాటుకుంటూ పోతారు. వంగి, వేలితో మెల్లగా పైకెత్తండి, తెంపొద్దు. చాలావాటి లోపల చుక్కలుంటాయి, మధ్యలో కేసరాల చుట్టూ చిన్న చిన్న గొట్టాలు ఉంటాయి. అసలు రెక్కలు ఆ గొట్టాలే, తేనె వాటిలోనే. మనం రెక్కలనుకునేవి రక్షక పత్రాలు, అందుకే చెర్రీ రెక్కల్లా రాలిపోకుండా వారాల తరబడి నిలుస్తాయి. మీరు నాలుగు రోజులు అటూఇటూగా వెళ్లినా ఉంటుంది, పాపం దాని దగ్గర క్యూ కూడా ఉండదు.