మీ ఆపరేషన్ రోజులకు వీఏ రెస్పైట్ కేర్ ఎలా ఏర్పాటు చేసుకోవాలి

మీరు అడిగింది: మీవారు అమెరికా ఆర్మీలో పనిచేసి వచ్చారు, తలకు గాయమైంది, పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల వల్ల వచ్చే మానసిక సమస్య) ఉంది, వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఇచ్చిన వైకల్యం రేటింగ్ 70 శాతం పైనే. రెండు నెలల్లో మీకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ ఉంది. ఆ పది రోజులు ఆయన్ని చూసుకోవడానికి వీఏ ఏమైనా సాయం చేస్తుందా, కొత్త మనిషిని గుమ్మం దాటి రానివ్వని ఆయనతో ఎలా?

సాయం చేస్తుందండీ. వీఏ హెల్త్ కేర్‌లో నమోదై, వైద్యపరంగా అవసరం ఉన్న వెటరన్‌కు (మాజీ సైనికుడికి) ఏడాదికి 30 రోజుల వరకు రెస్పైట్ కేర్, అంటే ఇంట్లో చూసుకునేవాళ్లకు విరామం దొరికేలా వేరేవాళ్లు చూసుకునే ఏర్పాటు, ఇవ్వవచ్చు. దీన్ని మూడు రకాలుగా వాడుకోవచ్చు: ఇంటికి ఎయిడ్ (సాయానికి వచ్చే మనిషి) రావడం, పగటిపూట అడల్ట్ డే హెల్త్ కేర్ సెంటర్‌కు పంపడం, కొన్నాళ్లపాటు వీఏ కమ్యూనిటీ లివింగ్ సెంటర్‌లో (వీఏ సొంత నర్సింగ్ హోమ్‌లో) గానీ వీఏతో ఒప్పందం ఉన్న నర్సింగ్ హోమ్‌లో గానీ ఉంచడం. మూడూ అన్ని ఊళ్లలో దొరకవు, కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. రెండు నెలలంటే చాలా టైమున్నట్టు అనిపిస్తుంది గానీ, డాక్టర్ ఆర్డర్ రాయాలి, ఆమోదం రావాలి, ఏజెన్సీకి మనిషి దొరకాలి, సెంటర్‌లో బెడ్ ఖాళీ ఉండాలి. ఎక్కువగా బెడిసికొట్టేది చివరి రెండే.

ముందు మీవారి ప్రైమరీ కేర్ టీమ్‌లోని సోషల్ వర్కర్‌కు మెసేజ్ పెట్టండి. అదే రోజు మీ వీఏ మెడికల్ సెంటర్‌లోని కేర్‌గివర్ (ఇంట్లో చూసుకునేవాళ్ల) సపోర్ట్ టీమ్‌కూ ఫోన్ చేయండి. ఎవరికి చేయాలో తెలియకపోతే కేర్‌గివర్ సపోర్ట్ లైన్ 1-855-260-3274 వాళ్లు కలుపుతారు. 'సాయం కావాలి' అని ఊరికే అనకండి. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా రెస్పైట్ కావాలి, నాకు ఆపరేషన్ ఉంది' అని రాతపూర్వకంగా అడగండి. మీ సర్జన్ దగ్గర ఒక లెటర్ తీసుకోండి. అందులో ఆపరేషన్ తేదీ, ఎంత బరువు ఎత్తకూడదో, ఎన్ని వారాలపాటో ఉండాలి. ఆయన్ని మంచం మీంచి లేపి కూర్చోబెట్టడమూ బరువెత్తడమే కదా. అందుకే పది రోజుల ఏర్పాటు మీకు చాలదని నా అభిప్రాయం.

ఆర్డర్ రాసేది మీ అలసటను చూసి కాదు, ఆయన రికార్డులో ఉన్న అవసరాన్ని చూసి. డాక్టర్ 'ఎలా నడుస్తోంది' అని అడిగితే మనవాళ్లు అలవాటుగా 'పర్వాలేదండీ, సర్దుకుంటున్నాం' అనేస్తారు. రికార్డులో అదే పడుతుంది. స్నానానికి, బట్టలకు, బాత్రూమ్‌కు ఎంత సాయం కావాలి, మందులు గుర్తుచేయకపోతే ఏమవుతుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఒంటరిగా ఎంతసేపు వదలగలరు అన్నవి చెప్పండి. మంచి రోజు గురించి కాదు, కష్టమైన రోజు గురించి చెప్పండి.

30 రోజుల లెక్క ఇలా ఉంటుంది. ఇంటికి వచ్చే విజిట్ ఆరు గంటల వరకు ఉండొచ్చు. రెండు గంటలే ఉన్నా ఒక రోజు ఖర్చయినట్టే, కాబట్టి వీలైనంతవరకు పూర్తి ఆరు గంటలు అడగండి. మీ విషయంలో నేనైతే ఇలా పంచుతాను: ఆపరేషన్‌కు ముందు అలవాటు కోసం ఇంట్లో 4 విజిట్లు, ఆపరేషన్ సమయంలో సెంటర్‌లో 10 రోజులు, మీరు ఇంటికి వచ్చాక వారానికి 4 చొప్పున 16 విజిట్లు. అక్కడికి ముప్ఫై అయిపోయాయి. 30 రోజులూ ఒకేసారి సెంటర్‌లో ఉంచడానికి దాచుకోవడం మంచిది కాదు. అలవాటు లేని మనిషిని ఒక్కసారిగా నర్సింగ్ హోమ్‌లో దింపితే రెండో రోజే 'వచ్చి తీసుకెళ్లండి' అని ఫోన్ వస్తుంది. ఇంటికి క్రమంగా మనిషిని పంపే హోమ్‌మేకర్, హోమ్ హెల్త్ ఎయిడ్ సర్వీస్ వేరే ఉంది, అది ఈ 30 రోజుల్లో కలవదు. రెండిటికీ ఒకేసారి అడగండి.

కోపే (మన జేబులోంచి కట్టే వాటా) 10 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ రేటింగ్ ఉన్నవాళ్లకు ఉండదు, కాబట్టి మీవారికి పడదు. మిగతావాళ్లకు ఆదాయాన్ని బట్టి ఉంటుంది, వాళ్లను 10-10ఈసీ ఫారం నింపమంటారు. కోపే వర్తించే వాళ్లకు కూడా 12 నెలల్లో మొదటి 21 రోజులు ఉచితం.

ఇక ఆయన ఒప్పుకోవడం. 'నిన్ను చూసుకోవడానికి మనిషి వస్తోంది' అంటే తలుపు మూసుకుంటారు. 'నాకు ఆపరేషన్, ఇంట్లో పనికి మనిషి కావాలి' అని చెప్పండి, అది నిజమే కదా. మొదటి విజిట్‌లో మీరు ఇంట్లోనే ఉండండి. రెండోసారి పక్క గదిలో ఉండండి, మూడోసారి రెండు గంటలు బయటికి వెళ్లండి. ప్రతిసారీ ఒకే మనిషిని పంపమని ఏజెన్సీకి ముందే చెప్పండి. వచ్చేది మగవాళ్లా ఆడవాళ్లా అన్నది ఆయనకు ముఖ్యమైతే అదీ చెప్పండి.

వచ్చే మనిషి చేతిలో ఒకే ఒక్క పేజీ పెట్టండి, ఐదు పేజీలిస్తే ఎవరూ చదవరు. మందుల పేర్లు, మోతాదు, టైము. ఏ శబ్దాలకు ఉలిక్కిపడతారు. ఏ కుర్చీలో, ఎటు తిరిగి కూర్చుంటారు (తలుపు కనబడే వైపే అయితే మార్చొద్దని రాయండి). నిద్రలేపేటప్పుడు భుజం తట్టకూడదు, చేయి అందనంత దూరంలో కాళ్ల వైపు నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఆయన్ని శాంతపరిచేది ఏమిటి, ఎప్పుడు 911కి చేయాలి, మీరు దొరకకపోతే ఎవరికి చేయాలి. ఎయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వరు, మోతాదు నిర్ణయించరు. మందుల డబ్బా వారానికి సరిపడా మీరే నింపి ఉంచండి. ఇంట్లో తుపాకీ ఉంటే తాళం వేసి, తూటాలు వేరేచోట పెట్టి, తాళంచెవి మీ దగ్గర ఉంచుకోండి. కేబుల్ లాక్‌లు వీఏ ఉచితంగా ఇస్తుంది.

సెంటర్‌లో చేర్చే ముందు టీబీ పరీక్ష, తాజా మందుల లిస్టు అడగడం మామూలు. చేరే వారం దాకా ఆగకుండా ఇప్పుడే చేయించండి. గది నిశ్శబ్దంగా ఉంటుందా, రాత్రి తనిఖీకి ఎలా వస్తారు అని అడగండి. నిద్రలేపే పద్ధతి గురించి రాసిన కాగితం నైట్ షిఫ్ట్ నర్స్ చేతికి స్వయంగా ఇవ్వండి. పగటివాళ్లకు చెప్పింది రాత్రివాళ్లకు చేరకపోవడం మామూలే.

ఆయన రేటింగ్ 70 దాటింది కాబట్టి 10-10సీజీ ఫారంతో సమగ్ర కేర్‌గివర్ ప్రోగ్రామ్‌కు కూడా అప్లై చేయండి. రోజువారీ పనుల్లో ఆయనకు కనీసం ఆరు నెలలు వరసగా మనిషి సాయం అవసరమని తేలాలి. ఆమోదిస్తే మీకు నెలనెలా స్టైపెండ్ (భత్యం) వస్తుంది, రెస్పైట్ కూడా అందులో భాగమే. నిర్ణయానికి టైము పడుతుంది కాబట్టి ఈ ఆపరేషన్‌కు మాత్రం దాని మీద ఆధారపడకండి.

రెస్పైట్ అవసరం లేదని చెబితే కారణం రాతలో అడగండి. ఆ తర్వాత పేషెంట్ అడ్వొకేట్ (రోగుల ఫిర్యాదులు చూసే వీఏ ఉద్యోగి) ద్వారా క్లినికల్ అప్పీల్ వేయండి, అంటే ఆ వైద్య నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని అడగండి. బెడ్ లేదని చెబితే మాత్రం అప్పీల్ కాదు, ఒప్పందం ఉన్న ఇతర నర్సింగ్ హోమ్‌ల లిస్టు అడగండి. అప్పటికీ కుదరకపోతే, ఆపరేషన్ అత్యవసరం కాదని సర్జన్ అంటే, తేదీని బెడ్ దొరికిన వారానికి మార్చుకోండి.