పంపు కొనే ముందు ఛాంబరు విప్పించండి

మీది 2005 మోడల్ పెట్రోల్ కారనీ, తిరిగింది 61 వేల కిలోమీటర్లేననీ, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిలింగులో, అంటే బండి నిలబడి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, ఆయిల్ లైటు మిణుకుమంటోందనీ రాశారు. మెకానిక్ ఆయిల్ పంపు పోయిందంటున్నాడు, పంపు మార్చాలా లేక ఫ్లషింగ్, అంటే ద్రవం పోసి ఇంజన్ లోపల కడగడం, చేయిస్తే సరిపోతుందా అని అడిగారు. నా సమాధానం ఏమిటంటే, ప్రస్తుతానికి ఆ రెండూ వద్దు, ముందు గేజీతో ఆయిల్ ఒత్తిడి చూపించి, తక్కువుంటే ఆయిల్ ఛాంబరు, అంటే సంపు, కిందికి దింపించి లోపల ఏముందో మీ కళ్లతో చూడండి. 2018 మే నెలలో కడప నుంచి రాయచోటి పోయే దారిలోని గువ్వలచెరువు ఘాటు దాటాక నేను ఈ పాఠం నేర్చుకున్నాను. దానికి కట్టిన రుసుము 37 వేల రూపాయలు.

నాది 2004 మోడల్, నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే రాస్తే చదివేవారి దృష్టి అంతా దాని మీదికే పోతుంది, నిజానికి జరిగినదాంట్లో ఆ కంపెనీ తప్పు వీసమెత్తు కూడా లేదు. 2015లో కడపలోనే ఒక విశ్రాంత ఉద్యోగి దగ్గర కొన్నాను. పదకొండేళ్లలో 38 వేల కిలోమీటర్లే తిరిగిందని, గుడికీ రైతుబజారుకీ తప్ప బయటికి తీయలేదని ఆయన చెప్పినప్పుడు లంకెబిందెలు దొరికినంత సంబరపడ్డాను. కొన్నాక నేనూ అదే పని చేశాను. ఇంటి నుంచి కళాశాలకు ఉదయం రెండు కిలోమీటర్లు, సాయంత్రం తిరిగి రెండు కిలోమీటర్లు, ఆదివారం పూర్తిగా విశ్రాంతి.

పాత బండ్లు కొనేవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక మాట చెప్పాలి. తక్కువ తిరిగిన బండి మంచి బండి అనే నమ్మకం మన ప్రాంతంలో పాతుకుపోయింది, నా దృష్టిలో అది ఇంజన్లను చంపుతున్న నమ్మకం. రేడియేటరు నీళ్లు ఐదారు నిమిషాల్లో వేడెక్కుతాయి, కానీ ఛాంబరులోని ఆయిల్ పూర్తి వేడి అందుకోవడానికి పావుగంటో ఇరవై నిమిషాలో బండి నడవాలి. ఆ వేడి అందనప్పుడు, పెట్రోల్ మండగా పుట్టిన నీటి ఆవిరీ, సరిగా మండని పెట్రోలూ పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లోనే ఉండిపోతాయి. మసి, నీరు, పెట్రోలు, వయసు మళ్లిన ఆయిల్ కలిసి మడ్డి కడతాయి. మా అవ్వ చెనక్కాయ నూనె పోసుకునే జాడీ అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న గసి ఎలా ఉండేదో, ఇది అలాగే ఉంటుంది, కాకపోతే నల్లగా. తరచూ హైదరాబాదుకు పోయి వచ్చే ట్యాక్సీలో రెండు లక్షల కిలోమీటర్ల తర్వాత కూడా ట్యాపెట్ కవరు, అంటే ఇంజన్ పైకప్పు, లోపల తేనె రంగు తప్ప మరేమీ కనిపించకపోవచ్చు, నాలాంటి మాస్టారి బండిలో మాత్రం 50 వేలకే తారు కనిపిస్తుంది.

ఇక జరిగిన సంగతి. 2018 ఏప్రిల్‌లో సర్వీసుకు ఇచ్చినప్పుడు, అక్కడి కుర్రవాడు ట్యాపెట్ కవరు మూత తీసి లోపలి నలుపు చూపించి, ఫ్లషింగ్ డబ్బా ఒకటి పోస్తే ఇంజన్ కడిగిన ముత్యంలా అవుతుందన్నాడు. సరే అన్నాను. డబ్బా పోసి పది నిమిషాలు ఐడిలింగులో ఉంచి, పాత ఆయిల్ దింపి కొత్తది పోశారు. మూడు వారాలు గడిచాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఎర్ర లైటు మినుకుమనడం మొదలైంది. ఎలక్ట్రీషియన్ చూసి, ఆ లైటును వెలిగించే ఆయిల్ స్విచ్ పోయిందని 250 రూపాయలకు కొత్తది వేశాడు, లైటు వెలగడం ఆగిపోయింది. ఇద్దరం సంతోషించాం. కొత్త స్విచ్ పాతదానికంటే కాస్త తక్కువ ఒత్తిడి దగ్గర వెలిగేదై ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. అంటే రోగి నోరు మూసి రోగం కుదిరిందనుకున్నాం.

మే నెల మూడో వారంలో మా మేనమామ మనవరాలి పెళ్లికి రాయచోటి బయలుదేరాం. కడప నుంచి సుమారు 50 కిలోమీటర్లు. ఎండ 43 డిగ్రీలు ఉంటుంది, వెనుక సీట్లో ఇద్దరు పెద్దవాళ్లు, డిక్కీలో సారె సామాను. ఘాటు రెండో గేరులో, ముందు ఒక లారీ, దాని వెనుక మేము. పైకి చేరాక, గువ్వలచెరువు మీదుగా పోతూ పాలకోవా కొనకుండా పోవడం మా ఇంట్లో జరగని పని కాబట్టి, దుకాణం ముందు ఏసీ కోసం ఇంజన్ ఆపకుండా నిలబెట్టాను. మా ఆవిడ, "ఏమండీ, ఆ ఎర్రది మళ్లీ వెలుగుతోంది," అంది. యాక్సిలరేటరు కాస్త తొక్కాను, ఆరిపోయింది. వదిలాను, వెలిగింది. కోవా పొట్లం కడుతున్న పెద్దాయన చేతిలో పని ఆపి, "సార్, బండి లోపల ఏందో టకటకమంటాంది, మిషను కుట్టినట్ల," అన్నాడు. దిగి డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ పై గీత వరకు నిండుగా, కొత్తది కాబట్టి బంగారు రంగులో ఉంది. ఆయిల్ ఇంత ఉండగా లైటుకు ఏం తెలుసు, మళ్లీ స్విచ్చే పోయి ఉంటుందని తీర్మానించుకుని బండి కదిలించాను.

నేను చేసిన అసలు తప్పు అదే, మీరు కూడా అదే దారిలో ఉన్నారని నా అనుమానం. ఆ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్‌కు ఒత్తిడి ఉందా లేదా అన్నది చెబుతుంది. చాలా పెట్రోల్ కార్లలో ఒత్తిడి అర బారు (బారు అంటే ఒత్తిడి కొలత) కంటే కిందికి పడిపోయినప్పుడు గాని అది వెలగదు, కాబట్టి అది ముందస్తు హెచ్చరిక అనుకోవడం పొరపాటు. ఇంజన్ వేడెక్కితే ఆయిల్ పలచబడుతుంది, ఐడిలింగులో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ఈ రెండూ కలిసిన చోటే జబ్బు బయటపడుతుంది. ఘాటెక్కి వచ్చి కోవా దుకాణం ముందు నిలబడ్డ బండిలో ఈ రెండూ ఒకేసారి కలిశాయి.

రామాపురం చేరేలోపే టకటక కాస్తా దడదడ అయింది. సుత్తితో కింది నుంచి కొడుతున్నట్టు శబ్దం, కాలి కింద అదురు. పక్కకు ఆపి ఇంజన్ కట్టేశాను. పెద్దవాళ్లను ఆటోలో పెళ్లికి పంపి, కారును ట్రాలీ మీద కడపకు తెచ్చాను.

మా మేస్త్రీ ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు. "పంపు పోయిందా మేస్త్రీ?" అని అడిగితే, "పంపు దానికదే యాడ పోతాది సార్, దాని నోట్లో మన్ను కొట్టినాంక," అన్నాడు. డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ కొద్దిసేపు ధారగా వచ్చి సన్నబడి ఆగిపోయింది. తీగ పెట్టి పొడిచాక మళ్లీ కారింది. ఛాంబరు బోల్టులు తీసి కిందికి దింపి నేల మీద పెట్టాడు. అడుగున వేలెడు మందాన నల్లటి ముద్ద, హల్వాలాగా వేలితో గీస్తే గీత అలాగే నిలబడేది. పైన స్ట్రెయినరు, అంటే పంపు ఆయిల్ పీల్చుకునే గొట్టం చివర ఉండే జాలీ, సున్నం మెత్తినట్టు మూసుకుపోయి ఉంది. ఆ మెత్తిన నలుపులో అక్కడక్కడ ఎర్రటి పొరలు, ఎండుమిరప తొక్కల్లా. ఏమిటివి అని అడిగితే సిలికాన్ పేస్టు అన్నాడు. మునుపెప్పుడో ఛాంబరు విప్పినవాడు గాస్కెట్‌కు బదులు పేస్టును ఉదారంగా పూశాడు, లోపలికి ఉబికిన అంచులు కాలక్రమేణా తెగి జాలీకి అంటుకున్నాయి. మన మెకానిక్కులు పేస్టును పెళ్లి విస్తరిలో నెయ్యిలాగా వడ్డిస్తారు, బయటికి ఉబికింది మాత్రం తుడిచి చేతులు దులుపుకుంటారు, లోపలికి ఉబికింది ఎవరికీ కనిపించదు.

జాలీని కిరసనాయిలు డబ్బాలో ముంచే ముందు మేస్త్రీ దాన్ని ఆకాశం వైపు పట్టి నాకు చూపించాడు. అంత జాలీలో రూపాయి బిళ్ల పాటి చోట మాత్రమే వెలుతురు కనిపించింది. ఏప్రిల్‌లో పోసిన ఫ్లషింగ్ ద్రవం చేసిన నిర్వాకం అది. ఇన్నేళ్లూ గోడలకు, మూలలకు అంటుకుని తన మానాన తాను పడి ఉన్న మడ్డిని అది ఊడగొట్టింది, ఊడినది పూర్తిగా కరగక పెచ్చులుగా దిగి నేరుగా జాలీ మీద కూర్చుంది. మడ్డి లేని ఇంజనుకు ఫ్లషింగ్ అవసరం లేదు, మడ్డి ఉన్న ఇంజనుకు అది ప్రమాదం, కనుక దాని వల్ల లాభపడేది డబ్బా అమ్మేవాడు ఒక్కడే అన్నది నా స్థిరమైన అభిప్రాయం.

పంపు విప్పి చూస్తే లోపలి పళ్ల మీదా, మూత మీదా మేకుతో గీసినట్టు చారలు ఉన్నాయి. ఆయిల్‌తో పాటు నలుసులు పీల్చి, చివరికి పీల్చడానికి ఆయిలే దొరకక అరిగిపోయింది. పిస్టన్లను ఇంజన్ ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల షెల్ బేరింగులు బూడిద రంగు పొర పోయి రాగి రంగు తేలాయి, ఒకటైతే పక్కకు జరిగి నలిగింది. ఆ ఇరుసు, అంటే క్రాంకు, లేతుకు పోయింది. కొత్త పంపు ఖరీదు 2,800 రూపాయలే, మిగిలిన 34 వేల పైచిలుకు క్రాంకు గ్రైండింగు, బేరింగులు, గాస్కెట్లు, కూలీ. లైటు మొదటిసారి మినుకుమన్న రోజునే ఛాంబరు దింపి ఉంటే జాలీ కడిగి, గాస్కెట్ వేసి, ఆయిల్ పోసి రెండున్నర వేలలో బయటపడేవాడిని.

కాబట్టి మీ మెకానిక్‌తో మొదట ఆయిల్ స్విచ్ విప్పించి, ఆ చోట మామూలు ప్రెషర్ గేజీ బిగించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక చూడమనండి. ఐడిలింగులో ఒక బారు దగ్గరగా, 3,000 ఆర్‌పీఎం వద్ద మూడు బార్ల పైన చూపిస్తే మీ స్విచ్చో వైరో కారణం కావచ్చు. తక్కువ చూపిస్తే ఛాంబరు దింపక తప్పదు. చాలా చిన్న కార్లలో పంపు క్రాంకు ముందు కొసకే ఉంటుంది, దాన్ని మార్చాలన్నా టైమింగ్ బెల్టు తీసి, ఛాంబరూ దింపాల్సిందే. అలాంటప్పుడు లోపల చూడకుండానే పంపు తెప్పించమనడం ఏమి వైద్యమో నాకు అర్థం కాదు. ఛాంబరు దింపినప్పుడు జాలీతో పాటు పంపులోని రిలీఫ్ వాల్వు, అంటే ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే వాల్వు, కూడా చూడమనండి, మడ్డి పట్టి అది తెరుచుకుని ఇరుక్కుంటే కొత్త పంపుకైనా ఒత్తిడి నిలవదు. పీసీవీ వాల్వు కూడా ఊపి చూడండి, లోపల గలగలమనకపోతే మూసుకుపోయినట్టే. అది మూసుకుంటే ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి లేక మడ్డి ఇంకా త్వరగా కడుతుంది. ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు నురగ ఉంటే మాత్రం హెడ్ గాస్కెట్ నుంచి నీళ్లు కలుస్తున్నాయేమో కూడా అనుమానించాలి.

పాత బండికి చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఆరిపోతుందని మీకు ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు, నాకు ముగ్గురు ఇచ్చారు. ఆరిపోతుంది కూడా, ఎందుకంటే చిక్కటి ఆయిల్ వదులైన బేరింగుల నుంచి త్వరగా జారదు కాబట్టి ఒత్తిడి కాస్త నిలబడుతుంది. కానీ సగం మూసుకున్న జాలీలోంచి ఉదయం పూట దాన్ని పీల్చుకోవడం పంపుకు మరీ కష్టం. నా 250 రూపాయల స్విచ్చుకీ ఈ వైద్యానికీ నాకు తేడా కనిపించదు.

కొందరు పేరున్న కంపెనీ ఇంజన్లలో మడ్డి పట్టదంటారు. టొయోటా వారు 1997 నుంచి 2002 వరకు అమెరికాలో అమ్మిన కొన్ని కార్లలో ఇదే సమస్య వస్తే, యజమానులు వేళకు ఆయిల్ మార్చకపోవడమే కారణమని మొదట అన్నా, చివరికి ఎనిమిదేళ్ల వరకు ఆ మరమ్మతుకు హామీ ఇవ్వాల్సి వచ్చింది. ఇంజన్ డిజైను పాత్ర కొంత ఉంటుందని ఒప్పుకుంటాను, అయితే మీ బండికీ నా బండికీ అంత పెద్ద కారణాలు వెతకనక్కర్లేదు. బండితో ఇచ్చే పుస్తకంలో, దుమ్ము, విపరీతమైన ఎండ, చిన్న చిన్న ప్రయాణాలు ఉన్నచోట ఆయిల్ మరింత త్వరగా మార్చాలని దాదాపు అన్ని కంపెనీలూ రాస్తాయి. బండల పాలిష్ యూనిట్ల తెల్ల దుమ్ము మధ్య, రోజుకు నాలుగు కిలోమీటర్లు, కడప ఎండలో తిరిగే బండికి ఆ మూడూ వర్తిస్తాయి. సర్వీసు సెంటరు వాళ్లు అద్దానికి అంటించే చీటీలో మాత్రం పదివేల కిలోమీటర్లని ఉంటుంది. నేను ఇంజన్ కట్టించిన తర్వాత మొదటి రెండు మార్పులు వెయ్యి కిలోమీటర్లకొకటి చొప్పున, అక్కడి నుంచి 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది చొప్పున మారుస్తున్నాను. నెలకు రెండుసార్లు ఒంటిమిట్ట దాకా పోయి వస్తాను. కోదండరాముడి దర్శనం కోసమని ఇంట్లో అనుకుంటారు, సగం ఆయిల్ వేడెక్కడం కోసం.

మీ బండి 61 వేలు తిరిగి ఇరవై ఏళ్లు నిండినది కాబట్టి, నా లెక్కలో మీ ఛాంబరులో ఏముందో విప్పకముందే తెలిసిపోయినట్టే. అయినా గేజీ పెట్టాక వేడి మీద ఐడిలింగులో ఎంత చూపించిందో, జాలీ ఎలా ఉందో ఇక్కడే రాయండి. అప్పటివరకు బండిని నడుపుకుంటూ మెకానిక్ దగ్గరకు తీసుకుపోకండి, ట్రాలీ మీద పంపండి.