నాటక బృందం చరిత్ర రాస్తున్న అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ పెదనాన్నగారి నాటక బృందం చరిత్ర అంటూ నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. నీ వాక్యం చదివిస్తుంది, దానికేం ఢోకా లేదు. కానీ మొదటి పేజీ నుంచి ఆఖరిదాకా ఒక్క మనిషే కనిపిస్తున్నాడు. నాటకం ఎంచుకున్నదీ ఆయనే, నేర్పించిందీ ఆయనే, ఆ తర్వాత సినిమా తీసిందీ ఆయనే. మిగిలినవాళ్లంతా ‘తదితరులు’. అంతమంది కలిసి చేసిన పనికి చరిత్ర రాద్దామని కూర్చుని పెదనాన్నగారి జీవిత చరిత్ర రాశావు. అదీ రాయదగ్గదే, కాకపోతే అట్ట మీద పేరు మార్చాలి.

మన ఊరి సంగతే చూడు. 1970లో ఇక్కడ శ్రీశ్రీ షష్టిపూర్తి సన్మానం జరిగినప్పుడు ‘రచయితలారా మీరెటువైపు?’ అని ఒక కరపత్రం పంచారు. ఆ ఏడాది జూలై 4న హైదరాబాదులో విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టడానికి దారి తీసిన కాగితం అది. దాని కింద ఎవరి పేరూ లేదు, ‘విశాఖ విద్యార్థులు’ అని మాత్రమే ఉంది. దాన్ని అసలు రాసిందెవరో కూపీ లాగడమంటే మనవాళ్లకి మహా సరదా. నన్నడిగితే ఆ కాగితం అచ్చుకి డబ్బులెక్కడివి, సభలో చేతికి చేతికి అందించిందెవరు, అందుకున్న పెద్దల మొహాలు ఎలా మారాయి అన్నవే అసలు కథ. నువ్వు రాస్తున్న బృందానికీ అంతే.

కేరళలో ఒడెస్సా బృందం గురించి వినే ఉంటావు. మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు ఊరూరా తిరిగి సినిమాలు వేసి చూపించి, జనం దగ్గర చందాలు పోగుచేసి, 1986లో ‘అమ్మ అరియాన్’ అనే సినిమా తీశారు. మరుసటి ఏడే జాన్ చనిపోయాడు. దాని మీద వచ్చిన వ్యాసాలు చాలావరకు అక్కడికి వచ్చి ఆగిపోతాయి, మనిషి పోయాడు కాబట్టి కథ అయిపోయిందన్నట్టు. కానీ ఆ బృందంలోని ఒడెస్సా సత్యన్ ఆ పేరు మీదే తర్వాత డాక్యుమెంటరీలు తీశాడు. నాకు కుతూహలంగా ఉండేది ఇంకొకటి. చందా ఇచ్చినవాడే ప్రేక్షకుడూ అయినప్పుడు వాడికి లెక్క చెప్పేదెవరు? బొమ్మ వాడికి నచ్చకపోతే ఏమిటి? మీ పెదనాన్నగారి బృందం కూడా సినిమాకి చందాలెత్తిందని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ వాక్యం ఒక అధ్యాయం కావాలి.

ఇక ప్రయోగం, ప్రయోగం అని పేజీపేజీకీ రాశావు గానీ, దేనికి భిన్నంగా చేశారో ఎక్కడా చెప్పలేదు. అప్పటికి జనం చూస్తున్నదేమిటి? ఒకవైపు రంగుల తెరలు, హార్మోనియం, పద్యానికి వన్స్‌మోర్‌లతో పౌరాణికం. ఇంకోవైపు నాటక పరిషత్తులు పెట్టే పోటీలు. పరిషత్తు నాటికకి కొలత ఉండేది. టైము దాటకూడదు, సెట్టు తేలిగ్గా మారిపోవాలి, క్లైమాక్సు జడ్జీలకి అందాలి. ఈ కొలతలకి అలవాటుపడ్డవాళ్లు వేదిక దిగి మైదానంలో జనం మధ్య నిలబడ్డారంటే ఏం వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో రాయి. కలకత్తాలో నాటక రచయిత బాదల్ సర్కార్ 1967లో శతాబ్ది బృందం పెట్టి, కొన్నేళ్లకి లైట్లూ సెట్లూ టికెట్లూ అన్నీ పక్కనపెట్టి నేల మీదే ఆడాడు. అందులో సిద్ధాంతం ఎంత ఉందో ఖర్చు భయం కూడా అంత ఉంది. మీవాళ్లకి హాలు అద్దె కట్టే స్తోమత ఉందో లేదో కనుక్కో. ప్రయోగాలు చాలావాటికి మూలం ఖాళీ జేబే అని నా అనుమానం. అదేం చిన్నతనం కాదు.

రెండో అధ్యాయంలో ఒక సంగతి దిద్దుకో. ‘మా భూమి’ నాటకాన్నే సినిమాగా తీశారని రాశావు. నాటకం సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసింది, 1947 నాటిది, కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. 1980లో విడుదలైన సినిమాకి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. తీసింది బి. నర్సింగరావు, దర్శకుడు గౌతమ్ ఘోష్. పేరొకటే, చెప్పిన తెలంగాణ రైతాంగ పోరాటం ఒకటే, దారులు వేరు. నాటకం నుంచి సినిమాకి నేరుగా వెళ్లిన దారి కావాలంటే గరికపాటి రాజారావుని పట్టుకో. ప్రజానాట్యమండలిని నడిపించినాయన 1953లో ‘పుట్టిల్లు’ తీశాడు. జమున తొలి సినిమా అదే.

జమున పేరొచ్చింది కాబట్టి అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. నీ రాతలో ఒక్క ఆడమనిషి లేదు. ఆనాటి మన బృందాల్లో మగవాళ్లు ఆఫీసుల్లో, బడుల్లో, పోర్టులో పని చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్‌కి వచ్చేవారు. వాళ్లకి డబ్బు లేదు, కళాసేవ అన్న పేరుంది. లేడీ ఆర్టిస్టుని మాత్రం వేరే ఊరి నుంచి పిలిపించేవారు. షోకి ఇంత, రానుపోను ఛార్జీలు, ఒక రాత్రి బస. ఆమె పోర్షన్, అంటే ఆమె చెప్పాల్సిన మాటలు, ముందే పోస్టులో వెళ్లేది. నాటకం రోజు పొద్దున్న దిగి, మధ్యాహ్నం ఒక్క రిహార్సల్ చేసి, రాత్రి ఆడి, తెల్లారి బస్సెక్కి ఇంకో బృందం దగ్గరికి వెళ్లేది. ఆ ఖర్చు భరించలేకే చాలా నాటికల్లో ఒకే స్త్రీ పాత్ర ఉండేది, కొన్నింట్లో అదీ లేదు. అంటే రాసేవాడి కథని కూడా ఆమె రేటే నిర్ణయించింది. డబ్బు తీసుకుంది కాబట్టి ఆమె బృందం మనిషి కాదన్నారు, గ్రూప్ ఫొటోలో నిలబెట్టలేదు. కానీ పది బృందాల పనితనం పక్కపక్కన పెట్టి చూసింది ఆమె ఒక్కతే. ఎవరికి నాటకం వచ్చో, ఎవరికి మాటలే వచ్చో ఆమెకి తెలిసినట్టు మీ పెదనాన్నగారికి కూడా తెలీదు.

అందుకని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఆ రోజులెలా ఉండేవండీ’ అని అడగొద్దు. అడిగితే ఉపన్యాసం వస్తుంది. లైట్లు ఎవరు పట్టారు, మేకప్ సామాను ఎవరింట్లో ఉండేది, ఫలానా ఆయన ఎందుకు మానేశాడు అని అడుగు. గొడవ గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయి, తీర్పు చెప్పకు. కరపత్రాలు, రసీదులు దొరికినవి దొరికినట్టు ఫొటో తీసి పెట్టుకో. 2014 హుద్‌హుద్ తుఫానుకి మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో కాగితాలు తడిసి ముద్దయ్యాయో నీకూ తెలుసు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పాత పత్రికలు అడిగి చూడు. సినిమాకి సెన్సారు సర్టిఫికెట్ తీసుకుని ఉంటే తేదీ, నిడివి అందులో ఉంటాయి. మనుషుల జ్ఞాపకం కన్నా అది నయం.

మీ పెదనాన్నగారికి ఈ ఉత్తరం చూపించినా నాకేం ఇబ్బంది లేదు. ఆయన దగ్గర బృందం జమాఖర్చుల పుస్తకం ఉందని విన్నాను, ఇస్తే ముందు అది జెరాక్స్ తీయించు. అందులో లేడీ ఆర్టిస్టులకి ఇచ్చిన పద్దులు, పేర్లతో సహా ఉండాలి. వాళ్లలో ఒకరినైనా కలిసి మాట్లాడాక మూడో అధ్యాయం మొదలుపెట్టి పంపు.

ఇట్లు
మీ మాష్టారు