తరగతి గదిలో 70 నానోగ్రాములు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మేం అమెరికాలో, వెర్మాంట్‌లో ఉంటాం. మా పాప రెండో తరగతి. బడి 1964లో కట్టింది. పాప గదిలో గాలి పరీక్షిస్తే క్యూబిక్ మీటరుకు 70 నానోగ్రాముల పీసీబీలు (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విష రసాయనాలు) తేలాయని ఉత్తరం పంపారు. బడి మార్చాలా? పాపకు రక్తపరీక్ష చేయించాలా? మా అత్తగారేమో ఫోన్లో, "మా బడికి సగం గోడలే లేవు, మాకేమైంది?" అంటున్నారు.
— ఒక తల్లి

జవాబు: మీ అత్తగారి మాట తీసిపారేయకమ్మా. గోడల్లేకపోవడమే ఆ బడికి రక్ష. మీ పాప బడి చలికి బిగించి కట్టింది, లోపల పుట్టింది లోపలే తిరుగుతుంది. కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య కుక్కిన పాత సీలెంటులో, ట్యూబులైటు చోకుల్లో అప్పట్లో పీసీబీలు వాడేవారు. 1979లో అమెరికా నిషేధించింది. సీలెంటు మాత్రం అక్కడే ఉంది, ఇప్పటికీ కొంచెం కొంచెంగా ఆవిరవుతూ. సీలింగు పలకలు ఆ ఆవిరిని పీల్చుకుని తిరిగి వదులుతుంటాయి కూడా.

వెర్మాంట్‌లో 1980కి ముందు కట్టిన బళ్లన్నిట్లో పరీక్ష చేయాలని 2021లో చట్టం తెచ్చారు. అంతకుముందు ఏడాదే పీసీబీల వల్ల అక్కడి బర్లింగ్టన్ హైస్కూలు మూతపడింది. ఆ పిల్లలు ఖాళీగా ఉన్న మేసీస్ దుకాణంలో, ఎస్కలేటర్లెక్కి క్లాసులకు వెళ్లారు!

గ్రామును వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోగ్రాము. మీ పాప ఈడు పిల్లలకు అక్కడి హద్దు 60. అది దాటింది కాబట్టి ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి తగ్గించాలి. 180కి చేరితే ఆ గదిలో పిల్లల్ని కూర్చోబెట్టరు. ఈ హద్దులు ఏళ్ల తరబడి పీల్చేదాన్ని లెక్కేసి పెట్టినవి. నేనైతే ఈ ఒక్క అంకె చూసి బడి మార్చను.

రక్తపరీక్ష వద్దు. పీసీబీలు కొవ్వులో పేరుకుంటాయి, చేపలు తిన్నా వస్తాయి. ఎక్కడివో రక్తం చెప్పదు, చెప్పినా దించే మందు లేదు.

అడగాల్సింది వేరే ఉంది. నేను గాలి పరీక్షించే పనిలో ఉన్నప్పుడు ఒక బళ్లో పంపు పెట్టి వెళ్లాను. వేలెడంత గాజు గొట్టం, లోపల స్పాంజి ముక్క, రాత్రంతా సన్నగా గాలి లాగుతుంది. పొద్దున వెళ్లి చూస్తే కిటికీలన్నీ బార్లా తెరిచున్నాయి. ఉక్కగా ఉందని వాచ్‌మన్ తీశాడట, పాపం మంచికే. ఆ అంకె చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కిటికీలు మూసి మళ్లీ పరీక్షిస్తే దాదాపు రెట్టింపు.

అందుకని పాప గదిలో గాలిని ఏ నెలలో పరీక్షించారో, అప్పుడు కిటికీలూ ఫ్యాన్లూ రోజూ ఉన్నట్టే ఉన్నాయో లేదో కనుక్కో. వేడి పెరిగితే ఆవిరి పెరుగుతుంది. ఫిబ్రవరిలో తీసిన 70 అయితే, సెప్టెంబరులో బళ్లు తెరిచాక మళ్లీ తీయమని రాతపూర్వకంగా అడుగు.