ఆకంతా రాలిన చేలో ఏడు మొక్కలే పచ్చగా ఉన్నాయి, వాటి గింజ దాచుకోవచ్చా?

సందేహం: సార్, మాది ఐరాల మండలం. బావి కింద రెండెకరాల్లో కదిరి 6 చెనక్కాయ వేసినాను, ఇప్పటికి 82 రోజుల పైరు. తిక్కాకు మచ్చ తెగులు వచ్చి చేనంతా ఆకు రాలిపోయి కట్టెలే నిలబడినాయి. కానీ నడి చేలో ఏడు మొక్కలు మాత్రం నిగనిగలాడతా పచ్చగా ఉండాయి. వాటి కాయ విడిగా తీసి విత్తనానికి పెట్టుకుంటే తెగులు రాని రకం అయిపోతుందని పక్క చేను ఆయన అంటాడు. నిజమేనా? అసలు ఇన్నేండ్లుగా మీరు తెగులు రాని రకం ఎందుకు ఇయ్యలేకపోతున్నారు? ఈ మచ్చల కట్టె ఆవులకు వేయొచ్చా, అదీ చెప్పండి.

సలహా: అన్నా, ఫొటోలు చూశాను. ముందు పని మాట. ఆ ఏడు మొక్కల పక్కన ఒక్కో పుల్ల పాతి గుడ్డపీలిక కట్టండి, కోత రోజు కూలోళ్లు వాటిని మిగతా వాటితో కలిపి పీకేయకుండా చూసుకోండి. మీ పక్క చేను ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. మన నాయనల కాలం నుంచి వేసిన టీఎంవీ 2 రకం ఎలా వచ్చిందనుకున్నారు? మనకు దగ్గర్లోనే తమిళనాడులో ఉన్న గుడియాత్తం పేరు మీద 'గుడియాత్తం గుత్తి' అని ఒక రకం ఉండేది, దాంట్లోంచి మంచి మొక్కలు ఏరి తిండివనంలో 1940లో విడుదల చేశారు. అంటే చేలో ఏరడం అనేది అసలైన పద్ధతే. కాకపోతే పచ్చగా కనిపించిన ప్రతి మొక్కా తెగులును తట్టుకున్న మొక్క కాదు, అక్కడే అందరూ బోల్తా పడతారు.

ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, ఆ మొక్కకు కాయ పట్టి ఉండదు. కాయలు ఊరుతుంటే మొక్క తన ఆకులోని సత్తువంతా కిందికి పంపిస్తుంది, ఆకు ముదిరి మచ్చలకు తొందరగా లొంగుతుంది. ఊడలు (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ అయ్యే కాడలు) సరిగా దిగని మొక్కకు ఆ ఖర్చు లేదు, అందుకే నిగనిగలాడుతుంది. రెండోది, మీ విత్తనంలో వేరే రకం గింజలు కలిసి ఉండొచ్చు, ముఖ్యంగా 120 రోజులు దాటే దీర్ఘకాలిక రకాలవి. అవి 82 రోజులకు ఇంకా పడుచు మొక్కలే, వాటికీ తెగులు వస్తుంది, ఇంకా రాలేదంతే. మూడోది, అక్కడ మొలకలు పలచబడి గాలి బాగా ఆడిందేమో, ఆకు మీద మంచు తొందరగా ఆరిపోయిందేమో. ఇవేవీ కాకుండా, నిజంగా జన్యువుల్లోనే బలం ఉండి పచ్చగా నిలిచిన మొక్క కూడా ఉండొచ్చు. అవకాశం తక్కువ, ఎందుకంటే కదిరి 6 ఒకే తీరుగా ఉండే శుద్ధమైన రకం, పైగా ఈ తెగులుకు బాగా లొంగేది. కానీ చూడకుండా లేదని ఎలా చెప్తాం.

మీరు పంపిన ఆకులో ఉన్నది ఏ మచ్చ అన్నది కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే తిక్కాకు మచ్చ అని మనం ఒకే పేరుతో పిలిచేవి రెండు వేర్వేరు శిలీంధ్రాలు, ఒకదాన్ని ఆపే మొక్క రెండోదాన్ని ఆపుతుందని లేదు. పొద్దున్నే ఎండ పడేటప్పుడు ఆకు తెంపి అటూ ఇటూ తిప్పి చూడండి. ముందుగా, నెల రోజుల పైరు నుంచే వచ్చే మచ్చ ఆకు పైన గోధుమ రంగులో ఉండి చుట్టూ పసుపు వలయం తేటగా కనిపిస్తుంది. ఆలస్యంగా, 55 రోజులు అటూ ఇటూగా మొదలయ్యేది కాస్త చిన్నది, గుండ్రంగా, ఆకు అడుగున కారునలుపు, వలయం ఉండీ లేనట్టు. అడుగున వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, ఆ గరుకే శిలీంధ్రం బీజాల గుంపులు. మీ మూడో ఫొటోలో అడుగున కనిపించింది నాకైతే ఈ రెండోదే అనిపిస్తోంది. వేలికి ఎర్రటి పొడి అంటుకుంటే మాత్రం అది కుంకుమ తెగులు. దానికి ఆకు ఎండి మొక్కకే వేలాడుతుంది, తిక్కాకు మచ్చకు రాలి కింద పడుతుంది. రెండూ కలిసి వస్తే దిగుబడిలో సగానికి పైగా పోయిన చేలు ఉన్నాయి.

ఇక ఆ ఏడు మొక్కల పరీక్ష. కోతప్పుడు ఒక్కోదాన్ని విడిగా పీకి కాయలు లెక్కపెట్టండి, పక్కనే ఉన్న మామూలు మొక్కలు నాలుగు పీకి వాటి కాయలూ లెక్కపెట్టండి. పచ్చ మొక్కకు కాయ లేకపోయినా, ఉన్నవి లేతగా నీళ్ల కాయలుగా ఉన్నా దాన్ని వదిలేయండి. గింజ పట్టిన కాయలున్న మొక్క దొరికితే దాని కాయలు నీడలో ఆరబెట్టి, ఒలవకుండా, ఏ మొక్కవి ఆ మొక్కకు విడి సంచిలో పెట్టి నంబరు రాయండి. ఏడింటినీ ఒకే సంచిలో పోశారంటే పరీక్ష అక్కడితో ఐపోయినట్టే.

వచ్చే ఖరీఫ్‌లో (రబీలో వద్దు, పొడి గాలికి తెగులు సరిగా రాక అన్నీ మంచివిగానే కనిపిస్తాయి) ఒక్కో మొక్క గింజల్ని ఒక్కో సాలుగా వేయండి, ప్రతి రెండు సాళ్లకూ పక్కన మామూలు కదిరి 6 ఒక సాలు. ఆ చిన్న మడికి తెగులు మందు కొట్టకండి. మేము పరిశోధనా స్టేషన్లో చేసేదీ ఇదే, తెగులుకు బాగా లొంగే టీఎంవీ 2 లాంటి రకాన్ని మధ్యమధ్యలో వేసి, పైనుంచి నీళ్లు చిమ్మి, కావాలనే తెగులు రప్పిస్తాం. తెగులు రాని చోట తట్టుకునే రకాన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. 75 రోజులప్పుడు, 90 రోజులప్పుడు నడి కొమ్మ మీద కణుపులు లెక్కపెట్టండి, ఎన్ని కణుపులకు ఆకు ఉందో చూడండి. 20 కణుపుల్లో 6 కణుపులకే ఆకు మిగిలితే 70 శాతం రాలినట్టు. కదిరి 6 సాలులో 70 శాతం రాలినప్పుడు మీ సాలులో 20, 30 శాతమే రాలితే, ఆ మొక్కలు కూడా అదే సమయానికి కోతకు వస్తే, అప్పుడు నాకు కబురు పెట్టండి, తప్పకుండా వచ్చి చూస్తాను. సాలులో ఒక మొక్క ఒక తీరు, ఇంకో మొక్క ఇంకో తీరు ఉంటే ఎప్పుడో తేనెటీగ సంకరం చేసి ఉంటుంది. చెనక్కాయలో అది అరుదు, కానీ జరుగుతుంది. అలాంటప్పుడు మళ్లీ ఏరుకుంటూ పోవాల్సిందే.

మీ అసలు ప్రశ్న, ఇన్నేండ్లుగా ఎందుకు ఇయ్యలేకపోతున్నారని. నిష్ఠూరంగా అడిగినా న్యాయంగానే అడిగారు. 'తెగులు రాని' చెనక్కాయ అనేది లేదన్నా, విత్తనాల దుకాణంలో ఎవరైనా అలా చెప్పి అమ్మితే ఆ మాట మీద డబ్బు పెట్టకండి. ఉన్నవి తెగులును నిదానింపజేసే రకాలు. ఈ తెగులు అప్పు లాంటిది, వడ్డీ మీద వడ్డీ పడుతుంది: ఒక మచ్చ రెండు వారాల్లోపు బీజాలు విడుస్తుంది, అవి కొత్త మచ్చలు చేస్తాయి, పంట కాలంలో ఇలా నాలుగైదు దఫాలు తిరుగుతుంది. తట్టుకునే రకంలో మచ్చ ఆలస్యంగా పడుతుంది, చిన్నగా ఉంటుంది, బీజాలు తక్కువ విడుస్తుంది, మచ్చ పడ్డా ఆకు తొందరగా రాలదు. ఒక్కోటి చూస్తే చిన్న తేడాలే, కానీ నాలుగు దఫాలు తిరిగేసరికి ఒక చేను కట్టె అవుతుంది, పక్క చేను పచ్చగా ఉంటుంది. ఈ నాలుగైదు గుణాలూ ఒక్క జన్యువు చేతిలో లేవు, పైగా ఆలస్యంగా వచ్చే మచ్చను తట్టుకునే గుణం ఎక్కువ సంకరాల్లో అణిగి ఉండే రకం. అంటే రెండు రకాలు కలిపితే మొదటి తరంలో మొక్కలన్నీ తెగులుతో మాడిపోయినట్టే కనిపిస్తాయి, రెండో తరంలోనే ఏరుకోగలం.

ఇంకో చిక్కు, మనం పండించే చెనక్కాయ వంశం చాలా ఇరుకైనది. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు కలిసి పుట్టిన ఒక్క మొక్క సంతానమే ఇదంతా, అందుకే తెగులును తట్టుకునే గుణం ఇంట్లో వెతికితే తక్కువ దొరుకుతుంది. పెరూ నాటు రకాల్లో కొంత ఉంది, కానీ వాటి డొల్ల మందం, 100 గ్రాముల కాయ ఒలిస్తే గింజ తక్కువ, పంట కాలం ఎక్కువ. మీరూ వేయరు, మిల్లు వాళ్లూ కొనరు. గట్టి నిరోధం అడవి జాతుల్లో ఉంది. బొలీవియాకు చెందిన అరాకిస్ కార్డెనాసి అనే అడవి చెనక్కాయతో 1960లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో సంకరం చేశారు. అడవి దానికి 20 క్రోమోజోములు, మనదానికి 40, కలిపితే 30తో గొడ్డు మొక్క పుడుతుంది. దాన్ని కోల్చిసిన్ మందుతో రెట్టింపు చేసి 60కి తెచ్చి, తరాల తరబడి స్వయంగా విత్తనం కట్టనిస్తే మెల్లగా 40కి దిగింది, కానీ అడవి జాతి క్రోమోజోము నుంచి చిన్న ముక్క లోపల ఉండిపోయింది. ఈ అడవి జాతి రక్తం మన దేశంలోనూ పనికొచ్చింది. హైదరాబాద్ దగ్గరున్న అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ నుంచి వచ్చిన ఐసీజీవీ 86855 అనే లైనులో అది ఉంది, ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని కేఆర్‌జీ 1 రకంతో కలిపి జీపీబీడీ 4 అనే రకం తెచ్చారు. ఆలస్యంగా వచ్చే మచ్చకూ కుంకుమ తెగులుకూ ఇవాళ మన దేశంలో పరిశోధకులు ఎక్కువగా పోల్చి చూసేది దీనితోనే.

సంకరం చేయడం కూడా కూలి పని కంటే కష్టం. సాయంత్రం పూట మొగ్గ పొర విప్పి పుప్పొడి తిత్తులు సన్నటి పటకారుతో తీసేయాలి, మర్నాడు పొద్దున్నే ఇంకో రకం పుప్పొడి అద్దాలి, అన్నీ కుదిరితే ఒక పువ్వుకు ఒక ఊడ, ఊడకు రెండు గింజలు. టమాటాలో ఒక కాయకు వంద గింజలు వస్తాయి, ఆ సుఖం ఇక్కడ లేదు. తర్వాత ఆరేడు తరాలు ఏరి, స్టేషన్లో, జిల్లాల్లో, రైతుల పొలాల్లో పరీక్షలు దాటేసరికి పదేళ్లు దాటిపోతుంది. ఈమధ్య మేలు జరిగింది డీఎన్‌ఏ మార్కర్ల వల్ల: రెండు వారాల మొలక ఆకు చిన్న ముక్క పరీక్షిస్తే అడవి జాతి ముక్క ఉందో లేదో తెలిసిపోతుంది, తెగులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. జేఎల్ 24, టీఏజీ 24, ఐసీజీవీ 91114 రకాల్లోకి జీపీబీడీ 4 నుంచి ఆ ముక్కను ఇలాగే ఎక్కించారు. అప్పుడైనా విత్తనం పెంచడం ఒక తలనొప్పి. ఎకరాకు 60 కిలోల దాకా గింజలు కావాలి, ఒకసారి వేస్తే ఎనిమిది, పది రెట్లే తిరిగొస్తుంది. కొత్త రకం మీ ఊరికి చేరడానికి ఇంకో నాలుగేళ్లు పట్టేది దీనివల్లే, ఈ విషయంలో మా తరఫున నిదానం కూడా ఉంది, కాదనను.

తిరుపతి పరిశోధనా స్థానానికో కదిరికో వెళ్లినప్పుడు 'ఏ రకం మంచిది' అని అడగకండి, 'ఆలస్యంగా వచ్చే మచ్చకు ఈ రకం స్కోరు ఎంత, పక్కన వేసిన కదిరి 6 స్కోరు ఎంత' అని అడగండి. 1 నుంచి 9 వరకు ఇస్తాం, 9 అంటే ఆకు లేనట్టే. 3, 4 వచ్చిన రకమైతే ఒక్క పిచికారీతో గట్టెక్కొచ్చు, 8 వచ్చిన దానికి మూడు కొట్టినా వాన పడితే కష్టం. దుకాణంలో కొంటే సంచికి ధ్రువీకరించిన విత్తనానికి కట్టే నీలి ట్యాగు ఉందో లేదో చూసుకోండి.

ఈ పంటకు మాత్రం ఇంక మందు కొట్టొద్దు. ఆకు రాలిపోయాక కొట్టేది దేని మీద? వచ్చే పంటకు 50 రోజులప్పుడే, నాలుగైదు మచ్చలు కనిపించగానే, ఎకరాకు 200 లీటర్ల నీటిలో మాంకోజెబ్ 400 గ్రాములు, కార్బెండజిమ్ 200 గ్రాములు కలిపి గాని, టెబుకొనజోల్ 200 మి.లీ. గాని కొట్టి, రెండు వారాలకు మందు మార్చి ఇంకోసారి కొట్టండి. ఆకు అడుగు తడవాలి, పైపైన కొడితే లాభం లేదు. ఏడు సాళ్లకు ఒక సాలు సజ్జ వేస్తే బీజాలు గాలికి పక్క సాళ్లకు పాకడం తగ్గుతుంది. కోత తర్వాత తనంతట మొలిచే చెనక్కాయ మొక్కల్ని దున్నేయండి, తెగులు వాటి మీదే కాచుకుని కూర్చుంటుంది. ఇప్పుడున్న పైరును రోజుల లెక్కకు ఆపకండి, ఆకు రాలిన మొక్కకు ఊడ బలహీనపడి కాయలు నేలలోనే తెగిపోతాయి. రెండు రోజులకోసారి నాలుగు మొక్కలు పీకి కాయ పగలగొట్టండి, నూటికి 70 కాయల్లో డొల్ల లోపల నల్లబడి ఉంటే పీకేయండి.

కట్టె గురించి. ఈ మచ్చల వల్ల ఆవులకు విషం ఏమీ ఎక్కదు, కానీ ఆకు పోయిన కట్టెలో మాంసకృత్తులు ఏం మిగలవు, కడుపు నిండుతుంది, పాలు పెరగవు. దాన్నే నమ్ముకోకుండా పచ్చిమేతో దాణానో జోడించండి. మందు కొట్టి ఉంటే, కొట్టాక ఎన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉందో ఆ గడువు దాటేదాకా వేయకండి. వానలో తడిసి బూజు పట్టిన కట్టె, ముక్కిన వాసన వచ్చేది, ముఖ్యంగా పాడి ఆవులకూ చూడి ఆవులకూ అస్సలు వేయొద్దు, దాన్ని ఎరువు గుంతలో వేసేయండి.