చేతికి చూస్తే బీపీ మామూలే.. ఊపిరితిత్తుల్లో ఎక్కువంటున్నారు!

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. వారానికి 15 మి.గ్రా. మెథోట్రెక్సేట్, రోజూ 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ వాడుతోంది. రెండేళ్ల కిందట పొడిదగ్గుకు సీటీ తీసి ఐఎల్‌డీ (ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బు) అన్నారు. ఇప్పుడు పది మెట్లెక్కినా దమ్ము వస్తోంది, సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి. టూడీ ఎకోలో ‘ఆర్‌వీఎస్‌పీ 56, పీఏహెచ్’ అని రాశారు. బీపీ మాత్రం 120/80. సిల్డెనాఫిల్ (రక్తనాళాలను తెరిచే మాత్ర) వేస్తే తగ్గుతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. వాడొచ్చా? మెథోట్రెక్సేట్ ఆపాలా?
- ఓ పాఠకుడు, దేవరకొండ

జవాబు: సిల్డెనాఫిల్ ఇప్పుడే మొదలుపెట్టకండి. ప్రెషర్ ఎందుకు పెరిగిందో తేలాకే మందు సంగతి.

చేతికి పట్టీ చుట్టి చూసేది గుండె ఎడమవైపు నుంచి ఒంటికి వెళ్లే రక్తం ఒత్తిడి. అమ్మగారికి పెరిగిందంటున్నది కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే నాళాల్లో. రిపోర్టులోని ‘ఆర్‌వీఎస్‌పీ’ అంటే కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) ఒత్తిడి. ఎకోలో దాన్ని నేరుగా కొలవరు, లెక్కగడతారు. గుండె కుడివైపు పైగదికీ కింది గదికీ మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటం దగ్గర వెనక్కి చిమ్మే రక్తం వేగం సెకనుకు 3.4 మీటర్లుంటే, ఆ వేగం వర్గాన్ని నాలుగుతో గుణిస్తే 46 వస్తుంది. దానికి కుడి కర్ణిక (పైగది) ఒత్తిడి అని అంచనాగా ఓ 10 కలిపితే 56. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిలో ఆ చిమ్మే ధార సరిగా దొరకదు, అంకె చాలా అటూఇటూ అవుతుంది. అందుకే రిపోర్టులో ఆ వేగం ఎంత రాశారో, కుడి జఠరిక సాగిందో లేదో చూడాలి. వేగం 2.8 దాటితే అనుమానం, 3.4 దాటితే గట్టి అనుమానం. ఇక ‘పీఏహెచ్’ అన్నది ఊపిరితిత్తుల ధమనులే జబ్బుపడే ఒక ప్రత్యేక రకం పేరు. ఎకో రిపోర్టుల్లో ప్రెషర్ పెరిగిన ప్రతివారికీ అదే రాసేస్తుంటారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అమ్మగారి విషయంలో ఎక్కువ అవకాశం ఐఎల్‌డీకే. ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడితే అందులోని సన్న నాళాలు మూసుకుపోతాయి. ఆక్సిజన్ తగ్గి మిగిలినవీ బిగుసుకుంటాయి. కీళ్లవాతం నాళాలనే నేరుగా దెబ్బతీయడం అరుదు. గుండె ఎడమభాగం బిగుసుకుపోవడం, పాత రక్తపుగడ్డలు నాళాల్లో ఉండిపోవడం కూడా చూడాల్సినవే. గడ్డల సంగతి తేల్చకుండా వదలకూడదు, కొందరికి ఆపరేషన్‌తో నయమయ్యే రకం అది. అందుకు ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూపే వీక్యూ స్కాన్ చేస్తారు. మామూలు సీటీలో అవి కనిపించవు.

మీ ప్రాంతానికి సంబంధించి ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో పక్కటెముకలు, వెన్ను బిగిసి ఛాతీ సరిగా విచ్చుకోదు. గాలి ఊదించి చూసే స్పైరోమెట్రీలో ఎఫ్‌వీసీ (గట్టిగా ఊదగలిగే మొత్తం గాలి) తగ్గడానికి అదీ ఒక కారణం కావచ్చు. కాబట్టి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా దాటుతోందో చెప్పే డీఎల్‌సీఓ పరీక్ష కూడా చేయించండి. ఎఫ్‌వీసీ 70 శాతం ఉండి డీఎల్‌సీఓ 30కి పడిపోతే తప్పు ఎముకల్లో కాదు, నాళాల వైపు చూడాలి.

వీటితోపాటు కొత్త హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ), ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ (గుండె మీద భారాన్ని చెప్పే రక్తపరీక్ష), ఆరు నిమిషాల నడక పరీక్ష కావాలి. నడిచేటప్పుడు ఆక్సిజన్ ఎంతకు పడుతుందన్నది కూర్చున్నప్పటి అంకె కంటే ముఖ్యం. కీళ్లవాతంలో వేళ్లు వంకరపోయి చల్లబడి ఉంటే పల్స్ ఆక్సిమీటర్ తప్పు చూపిస్తుంది; చేయి రుద్ది వెచ్చబరిచి, అంకె నిలకడగా ఆగేదాకా ఒక నిమిషం చూడండి. చివరిమాట మాత్రం కుడి గుండె క్యాథెటర్ పరీక్షదే. మెడ లేదా తొడ సిరలోంచి సన్నని గొట్టం పంపి కొలుస్తారు, సగటు ఒత్తిడి 20 దాటితే జబ్బు ఉన్నట్టు. అందరికీ అవసరం రాదు. కుడి గుండె బాగా అలసిందనిపించినా, నాళాల మందులు ఇవ్వాలనుకున్నా తప్పదు. ఇందుకు రుమటాలజీ, పల్మనాలజీ, కార్డియాలజీ ఒకేచోట ఉన్న నిమ్స్ లాంటి ఆస్పత్రికి వెళ్లడం మేలు.

సిల్డెనాఫిల్ ఎందుకు వద్దన్నానంటే, గాలి సరిగా చేరని భాగాల్లోని నాళాలనూ అది తెరుస్తుంది. రక్తం ఆక్సిజన్ పట్టకుండానే తిరిగొచ్చి దమ్ము పెరగొచ్చు. ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ దానికి తోడైతే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. మచ్చలు తక్కువగా ఉండి నాళాల జబ్బే ఎక్కువని క్యాథెటర్‌లో తేలినవారికి స్పెషలిస్టులు ఇస్తారు, అది వేరే లెక్క.

కూర్చున్నప్పుడే ఆక్సిజన్ 88 శాతం లేదా అంతకంటే తక్కువుంటే ఇంట్లో ఆక్సిజన్ పెట్టాలి, దమ్మొచ్చినప్పుడు పది నిమిషాలు కాదు, రోజుకు కనీసం 15 గంటలు. కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే కరెంటు యంత్రం) కొంటే కరెంటు పోయినప్పటికి సిలిండర్ కూడా ఉంచుకోండి. నిండా ఉన్న బీ టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లుంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలొస్తుంది. కట్టెలపొయ్యి, దీపం, బీడీ ఆ గదిలోకే రానీయొద్దు.

మెథోట్రెక్సేట్ మీ అంతట మీరు ఆపకండి. కీళ్లవాతం ఎగదన్నితే ఊపిరితిత్తులూ పాడవుతాయి. మచ్చలు పెరుగుతుంటే రిటుక్సిమాబ్ వంటివాటికి మార్చాలా, మచ్చలు పెరగడాన్ని నెమ్మదింపజేసే నింటెడానిబ్ చేర్చాలా అన్నది రుమటాలజిస్టు చూస్తారు. కొన్ని రోజుల్లోనే జ్వరంతో దగ్గు, ఆయాసం ఎక్కువైతే మాత్రం ఆ వారం డోసు వేయకుండా వెంటనే చూపించండి. కీళ్లనొప్పికి ఊళ్లో వేసే డైక్లోఫెనాక్ సూదులు మానేయండి. అవి ఒంట్లో ఉప్పూనీరూ నిలబెడతాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. పాదాల వాపుకు డాక్టర్ నీటిమాత్ర ఇస్తే పొటాషియం, క్రియాటినిన్ చూపిస్తూ ఉండండి, రోజూ పొద్దున్నే బరువు రాసుకోండి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే. ఊరగాయ, అప్పడాలు పక్కన పెట్టాలి. ఫ్లూ, న్యూమోకాకల్ టీకాలు వేయించండి.

నడుస్తూ కళ్లుతిరిగి పడిపోయినా, పెదాలు నీలంగా మారినా, ఒక్క కాలే వాచి నొప్పిపెట్టినా, దగ్గితే రక్తం పడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.